కంపెనీ పేరుతో దొంగ ప్రకటన ఇచ్చి ఎండగట్టడం న్యాయమేనా? భోపాల్‌లో నేను చూసింది చెప్తాను

మీరు అడిగింది రెండు ముక్కల్లో ఉంది, పెద్ద కంపెనీ పేరు పెట్టుకుని ఫేక్ ప్రకటన చేస్తే నిజంగా ఏమైనా ఒరుగుతుందా, బాధితులకి ఉత్తుత్తి ఆశ పెట్టినట్టు కాదా అని. నా జవాబు ఒరుగుతుంది, బాధా పెడుతుంది, రెండూ నా కళ్ళతో చూశాను. మా నాన్నది భెల్‌లో ఉద్యోగం, నేను భోపాల్ పిప్లానీలోనే పెరిగాను.

2004 డిసెంబర్ 3, భోపాల్ యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకై ఇరవయ్యేళ్ళు. బీబీసీ వరల్డ్‌లో అమెరికా కంపెనీ డౌ కెమికల్ ప్రతినిధి అని జూడ్ ఫినిస్టెర్రా అనే ఆయన ప్యారిస్ స్టూడియో నుంచి లైవ్‌లోకి వచ్చి, భోపాల్‌కి పూర్తి బాధ్యత మాదే, యూనియన్ కార్బైడ్‌ని అమ్మేసి 1,200 కోట్ల డాలర్లు బాధితులకీ, ఆ స్థలం శుభ్రం చెయ్యడానికీ పెడతాం అన్నాడు. కార్బైడ్‌ని డౌ 2001లో కొనుక్కుంది, కొన్నప్పటి నుంచీ డౌది ఒకటే వాదన, కార్బైడ్ 1989లోనే 47 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది, ఇక మాకు సంబంధం లేదు అని. మరి ఈయనెవరంటే పెద్ద కంపెనీల వేషం కట్టి వాటిని ఎండగట్టే యెస్ మెన్ అనే అమెరికా బృందంలోని ఆండీ బిక్‌ల్‌బామ్. వీళ్ళు 2002లోనే డౌ సైట్‌లా కనిపించే ఒక సైట్ పెట్టారు, బీబీసీ వాళ్ళు ప్రతినిధి కోసం వెతుక్కుంటూ దానికే మెయిల్ కొట్టారు.

మేం ఆ రోజు ఫ్యాక్టరీ దగ్గర ర్యాలీలో ఉన్నాం, డిసెంబర్ 3న భోపాల్‌లో సెలవు. మా అమ్మకి కుట్టుపని నేర్పిన చాచీ కూడా ఉంది, ఆవిడది గ్యాస్ సోకిన బస్తీ, క్లెయిమ్ కాగితాలన్నీ పాలిథిన్ కవర్లో చుట్టి ఎప్పుడూ చంకలోనే పెట్టుకునేది. మధ్యాహ్నం ఎవరికో ఫోన్ వచ్చింది, డౌ ఒప్పుకుందట అని, అంతే, ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడుస్తున్నారు. చాచీ ఒక కుర్రాడిని పట్టుకుని లెక్క కట్టమంది, వాడు ఆ కవర్ మీదే పెన్నుతో డాలర్‌కి 44 రూపాయలు వేసి, ఐదు లక్షల డెబ్భై వేల మందికి పంచి, తలకి తొమ్మిది లక్షలు పైనే అన్నాడు. అప్పటిదాకా చాలామందికి దక్కింది పాతికవేలు, దాని మీద ఆ ఏడాది సుప్రీంకోర్టు చెప్పాక ఇంకో పాతికవేలు, అంతే.

సాయంత్రానికి అబద్ధమని తెలిసిపోయింది. చాచీ ఆ మనిషిని నోరారా తిట్టింది, వాడి తల్లినీ వదల్లేదు, ఆ కోపం న్యాయమైన కోపం, దాన్ని పక్కన పెట్టి ఎవరు ఈ ప్రాంక్‌ని మెచ్చుకున్నా నేను ఒప్పుకోను. కానీ తిట్టాక ఆవిడ అడిగిన ప్రశ్న, "మరి అసలు కంపెనీ ఏమందిరా?" అని. ఏమంటుంది, ఆ మనిషి మావాడు కాదు, ఆ వార్తకి ఆధారమే లేదు అంది. ఇరవయ్యేళ్ళుగా పేపర్ లోపలి పేజీల్లో పడి ఉన్న భోపాల్ సంగతి అప్పుడు ప్రపంచమంతా హెడ్‌లైన్ అయింది. పైగా బాధ్యత తీసుకుంటాం అన్న కబురుకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో డౌ షేరు 23 నిమిషాల్లో 4.24 శాతం పడింది, అంటే బాధితులకి న్యాయం చేస్తానంటే మార్కెట్ శిక్ష వేస్తుందన్నమాట, దీన్ని మించిన రుజువు ఏ ఎకనామిక్స్ పుస్తకంలో దొరుకుతుంది చెప్పండి. ఆ వెంటనే యెస్ మెన్ ఇంకో ప్రకటన వదిలారు, అదీ డౌ పేరుతోనే, ఈసారి మేం పైసా ఇవ్వం, మా బాధ్యత షేర్‌హోల్డర్లకే అని, కంపెనీ నీళ్ళు నమిలి చెప్పేదాన్ని విప్పి చెప్పారు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది, ఇందులో ఎవరికీ ఆశ పెట్టలేదు కదా.

2009లో వాళ్ళే భోపాల్ చేతిపంపు నీళ్ళని అందమైన సీసాల్లో పోసి బ్రాండ్ పెట్టి లండన్‌కి పట్టుకెళ్ళారు, తాగండి అని. ఫ్యాక్టరీ చుట్టుపక్కల బోరునీళ్ళు ఎందుకు తాగకూడదో పది రిపోర్టులు చెప్పలేనిది ఆ సీసా చెప్తుంది.

మీరు ఇక్కడ ఏదైనా చేద్దామనుకుంటుంటే మాత్రం జాగ్రత్త. ఆస్ట్రేలియాలో 2013లో జోనథన్ మోయ్‌లన్ అనే కార్యకర్త బ్యాంకు పేరుతో ఫేక్ ప్రెస్‌నోట్ వదిలితే వైట్‌హేవెన్ కోల్ అనే బొగ్గు కంపెనీ షేర్ల విలువ కాసేపట్లో 31 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకి పైగా పడిపోయింది, మధ్యలో అమ్ముకున్న చిన్న ఇన్వెస్టర్లు నష్టపోయారు, ఆయనకి 20 నెలల శిక్ష పడింది, బాండు మీద వదిలారు గానీ కేసు కేసే. మన దగ్గర వేరేవాళ్ళ పేరుతో ఆన్‌లైన్‌లో మోసగించారని ఐటీ చట్టం 66డీ పెడితే మూడేళ్ళ దాకా ఉంటుంది. పైగా ఇప్పుడు డీప్‌ఫేక్‌ల గోల, జనం అసలైన ప్రకటనని కూడా నమ్మని రోజులు. కాబట్టి దొంగ ప్రెస్‌నోట్ జోలికి పోకండి, సీసా లాంటిది చెయ్యండి, చేసే ముందు ఆ బస్తీకి వెళ్ళి అక్కడివాళ్ళకి చెప్పి, వాళ్ళు సరే అంటేనే చెయ్యండి.