ఎలుకల మందు మా అమ్మకెందుకు?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరంతో గుండెలో మైట్రల్ వాల్వు పాడైంది. పోయినేడు ఆపరేషన్ చేసి మెకానికల్ వాల్వు పెట్టారు. రోజూ వార్ఫరిన్ వేసుకోవాలి. అది ఎలుకల మందని పక్కింటావిడ అన్నప్పట్నుంచి అమ్మకు మాత్ర మింగాలంటే భయం. రెండు నెలలుగా ఆకుకూరలు కూడా ముట్టుకోవడం లేదు. గుండె దడకు మా మామయ్య వాడే కొత్త మాత్రకు రక్తపరీక్షలతో పనే లేదట. అమ్మకూ అదే అడగొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ పక్కింటావిడ చెప్పింది నిజమే, కానీ సగమే. రక్తం గడ్డకట్టకుండా ఆపే అణువుల తయారీలో నేను ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. మా అక్క పదకొండేళ్లుగా ఈ మాత్రే వేసుకుంటోంది. మిగతా సగం నేను చెబుతాను.

1933 ఫిబ్రవరి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు మంచుతుఫానులో దాదాపు 300 కిలోమీటర్లు బండి నడుపుకుంటూ మాడిసన్ చేరాడు. వెంట తెచ్చినవి చచ్చిన పెయ్య, బూజుపట్టిన స్వీట్‌ క్లోవర్ ఎండుగడ్డి, ఓ పాలక్యానులో ఎంతకీ గడ్డకట్టని రక్తం. అక్కడి జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలలో ఆ గడ్డిలోని గుట్టు తేలడానికి ఆరేళ్లు పట్టింది.

కోసిన గడ్డికి తీపి వాసననిచ్చేది కూమరిన్. సీసా మూత తీయగానే వెనిల్లా, ఎండుగడ్డి కలిసినట్టు గుప్పుమంటుంది, ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం. కూమరిన్ రక్తం జోలికి పోదు. బూజు దాని రూపు కొంచెం మార్చి, రెండేసి ముక్కలను మధ్యలో ఒక్క కార్బన్‌తో కలిపేస్తుంది. పశువులను చంపింది అలా పుట్టిన డైకూమరాల్. లింక్ బృందం దాన్ని పోలిన అణువులు ఎన్నో తయారుచేసింది. ఆ జాబితాలో 42వది వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చింది. 1951లో ఓ అమెరికన్ సైనికుడు చావాలని దాన్నే మింగాడు. విటమిన్ కె ఇస్తే కోలుకున్నాడు. విరుగుడు చేతిలో ఉందని తెలియడంతో డాక్టర్లకు ధైర్యం వచ్చింది. 1954కల్లా అది మనుషుల మందైంది. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కూ ఇచ్చారు.

ఇక ఆకుకూరల సంగతి. రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లను లివర్ తయారుచేస్తుంది. వాటిలో కొన్ని పనిచేయాలంటే విటమిన్ కె కావాలి. ఒకసారి వాడిన విటమిన్‌ను ఒళ్లు మళ్లీ పనికొచ్చేలా చేసుకుంటుంది. వార్ఫరిన్ అక్కడే అడ్డుపడుతుంది. తోటకూర, పాలకూర, మునగాకుల్లో ఈ విటమిన్ దండిగా ఉంటుంది. అలాగని మానేయక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. కానీ మీ అమ్మ రెండు నెలలుగా తినడం లేదు కాబట్టి, ఇప్పటి డోసు ఆకుకూరల్లేని ఒంటికి సరిపెట్టింది అయ్యుండొచ్చు. రేపే గిన్నెడు మునగాకు పప్పు పెట్టారనుకోండి, మందు పట్టు సడలి వాల్వు మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంది. ముందు డాక్టరుకు చెప్పండి. కొద్దికొద్దిగా మొదలుపెట్టి, ఆయన చెప్పిన రోజుల్లో ఐఎన్ఆర్ చూపించండి. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే రక్తపరీక్ష అంకె అది, పెరిగేకొద్దీ రక్తస్రావం ముప్పు. మైట్రల్ చోట మెకానికల్ వాల్వు ఉన్నవాళ్లకు మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. ఒంట్లో అప్పటికే తయారై ఉన్న ప్రోటీన్లు ఖర్చవ్వాలి గనక, డోసు మార్చిన ఫలితం పూర్తిగా కనబడటానికి కొన్ని రోజులు పడుతుంది. మర్నాడే చూసి కంగారు పడొద్దు.

మా అక్క ఒకసారి విరేచనాలకని మందుల షాపులో అడిగి మెట్రోనిడజోల్ తెచ్చుకుంది. వార్ఫరిన్ వాడుతున్నావా అని అక్కడెవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. ఐదో రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే నురగ ఎర్రగా వచ్చింది. ఐఎన్ఆర్ 7 దాటింది. ఆ రోజు పడ్డ భయం నాకింకా పోలేదు. జ్వరానికైనా, నొప్పులకైనా, పసరు మందైనా సరే, డాక్టరును అడక్కుండా ఇవ్వకండి.

మామయ్య మాత్ర మాత్రం అమ్మకు వద్దు. గుండె దడకు ఆ కొత్త మందులు మంచివే, నేను పనిచేసిందీ ఆ జాతి అణువుల మీదే. కానీ మెకానికల్ వాల్వు ఉన్నవాళ్లకు వాటిలో ఒకటైన డాబిగాట్రాన్ ఇచ్చి చూసినప్పుడు వార్ఫరిన్‌తో పోలిస్తే గడ్డలూ ఎక్కువే, రక్తస్రావమూ ఎక్కువే. ఆ పరిశోధనను మధ్యలోనే ఆపేశారు, 2013లో ఫలితాలు అచ్చయ్యాయి. అమ్మ వాల్వుకు కావలసింది ఈ పాత మాత్రే. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించండి, ఇవాళ్టి మాత్ర మీ చేత్తో ఇవ్వండి.