ఏ లైను మీదుగా ఏ టెస్టు నడిచింది

అమ్మడూ,

కవరేజ్ రిపోర్టు (టెస్టులు నడిపినప్పుడు కోడ్‌లో ఏ లైన్లు నడిచాయో చూపేది) నిండా పచ్చగానే ఉన్నా, ఆ పాత కోడ్‌లో చెయ్యి పెట్టాలంటే టెన్షన్‌గా ఉందన్నావు. ఉండాలి కూడా. కవరేజ్ శాతం ఆ లైను నడిచిందనే చెబుతుంది, దాన్ని ఏ టెస్టు నడిపిందో చెప్పదు. నీకు కావాల్సింది అదే కదా.

మీది పైథాన్ కాబట్టి తిప్పలు తక్కువే. ఆ రిపోర్టు తయారుచేసే కవరేజ్.పై టూల్‌లో 2019లో వచ్చిన 5.0 నుంచి డైనమిక్ కాంటెక్స్ట్ ఉంది, అంటే ప్రతి లైనుకూ దాన్ని నడిపిన టెస్టు పేరు రాసిపెట్టే సదుపాయం. దాన్ని పైటెస్ట్‌తో కలిపే ప్లగిన్ పైటెస్ట్-కవ్ వాడుతున్నావుగా, అందులో కవ్-కాంటెక్స్ట్ ఆప్షన్‌కు 'టెస్ట్' అని ఇవ్వు. హెచ్‌టీఎంఎల్ రిపోర్టుకు షో-కాంటెక్స్ట్స్ కూడా ఆన్ చెయ్యి, లేకపోతే డేటా ఉన్నా కంటికి కనపడదు. అప్పుడు లైను పక్కన నొక్కితే టెస్టుల పేర్లు వస్తాయి.

ఆ పేర్లను చివరిదాకా చదువు. నిలువు గీత తర్వాత 'రన్' అని ఉంటే టెస్టే ఆ లైనును నడిపింది. 'సెటప్' అని ఉంటే ఫిక్స్‌చర్ (టెస్టుకు కావాల్సినవి ముందే సిద్ధం చేసే కోడ్) పని. ఫంక్షన్ మొదలయ్యే డెఫ్ లైన్లకు, ఫైలు పైన ఉండే స్థిరాంకాలకు పేరు ఖాళీగా రావచ్చు. అవి ఇంపోర్ట్ అప్పుడే నడిచిపోయాయి, కంగారు పడకు. అసలు తిరకాసు సెషన్ ఫిక్స్‌చర్లతో, అంటే టెస్టులన్నిటికీ కలిపి ఒక్కసారే నడిచే వాటితో. వాటిని మొదట అడిగిన టెస్టు పేరే పడుతుంది, తర్వాత వాడుకున్నవేవీ కనపడవు. లైన్ మార్చి ఆ ఒక్క టెస్టే నడిపి సరిపెట్టుకుంటే మునిగినట్టే.

పేరు ఉన్నంత మాత్రాన ఆ టెస్టు ఆ లైనును పరీక్షిస్తోందని నమ్మకు. నువ్వు చెప్పిన డెలివరీ ఛార్జీ లైనే తీసుకో: బిల్లు 500 లేదా అంతకు మించితే ఛార్జీ లేదు. కోడ్‌లో ఆ 'లేదా సమానం' తీసేసి ('500 మించితేనే' అని చేసి), పక్కన కనిపించిన టెస్టులన్నీ నడుపు. ఒక్కటీ ఫెయిల్ కాలేదా? సరిగ్గా 500 బిల్లును ఎవరూ చూడలేదన్నమాట. లైను మళ్లీ మామూలుగా పెట్టి, ఆ టెస్టు నువ్వు రాయి. మ్యూట్‌మట్ అనే టూల్ ఇలా లైన్లు మార్చి టెస్టులు నడిపే పని తనంతట తాను చేస్తుంది గానీ, ముందు నాలుగు లైన్లు చేత్తో చేస్తేనే కోడ్ అర్థమవుతుంది.

ఇలా నడిపితే టెస్టులు నెమ్మదిస్తాయి, రోజూ రాత్రి దానంతటదే నడిచే బిల్డ్‌లో పెట్టించు. నీ మార్పును అసలు కోడ్‌లో కలిపే ముందు (మెర్జ్) మాత్రం మొత్తం టెస్టులు నడపాల్సిందే, ఎందుకంటే కాన్ఫిగ్ ఫైలో ఎస్‌క్యూఎల్ స్క్రిప్టో మారితే ఏ లైనుకు ఏ టెస్టో చూపే ఈ పటంలో జాడ కూడా ఉండదు.

ముందు ఆ బిల్లింగ్ ఫైలు ఒక్కటి చూడు. ఒకే టెస్టు ఉన్న లైన్లు రాసి పెట్టుకో, ఆదివారం ఫోన్‌లో కూర్చుందాం.

మీ పెదనాన్న