డెస్క్‌టాప్‌కి వైఫై అడాప్టర్: డబ్బా మీద స్పీడు కాదు, లోపలి చిప్ చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బెంగళూరు మారతహళ్ళిలో అద్దె ఇల్లు. రూటర్ హాల్లో, డెస్క్‌టాప్ లోపలి గదిలో. లాన్ వైరు లాగడానికి గోడకి చిల్లు పెడతామంటే ఓనర్ ఒప్పుకోవడం లేదు. ఎస్‌పీ రోడ్డులో ఒక యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొన్నారు. సిస్టమ్‌కి పెడితే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తోంది తప్ప వైఫై గుర్తు రావడం లేదు. కిందామీదా పడి ఒకసారి పట్టించినా 100 ఎంబీపీఎస్ ప్లాన్ మీద 20 దాటలేదు. అడాప్టర్ పోయిందా, వేరేది కొనాలా?

చాలావరకు పోయి ఉండదండీ. ఇందులో రెండు వేర్వేరు తిప్పలున్నాయి. మొదటిది డ్రైవర్‌ది (పరికరాన్ని విండోస్ నడపడానికి కావలసిన చిన్న ప్రోగ్రాం), రెండోది బ్యాండ్‌కీ (వైఫై నడిచే 2.4 లేదా 5 గిగాహెర్ట్జ్ తరంగాలు), అడాప్టర్ పెట్టిన చోటుకీ సంబంధించింది. రెండూ కలిసి రావడంతో అడాప్టరే చెడిపోయిందనిపిస్తుంది.

ముందు పెన్‌డ్రైవ్ సంగతి. సీడీ డ్రైవ్‌లు పోయాక తయారీదారులు డ్రైవర్‌ని అడాప్టర్‌లోనే చిన్న మెమరీలో పెట్టి ఇస్తున్నారు. పెట్టగానే అది తనను తాను సీడీ అని చెప్పుకుంటుంది. లోపలున్న సెటప్ నడిపితే డ్రైవర్ ఎక్కి, అప్పుడు వైఫై కార్డుగా మారుతుంది. కాబట్టి ‘దిస్ పీసీ’ తెరిచి ఆ డ్రైవ్‌లోకి వెళ్ళండి, సెటప్ ఫైల్ మీద కుడి క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కండి, అయ్యాక సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. అప్పటికీ సీడీగానే ఉంటే ఆ డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి ‘ఎజెక్ట్’ కొట్టండి. చాలా అడాప్టర్లు ఎజెక్ట్ చేయగానే మారతాయి, రెండు మూడు సెకన్లలో డివైస్ మేనేజర్‌లో కొత్త పేరు కనిపిస్తుంది. పెట్టిన ప్రతిసారీ ఎజెక్ట్ చేయాల్సి వస్తోందంటే డ్రైవర్ సరిగా ఎక్కలేదని అర్థం. పాతది తీసేసి మళ్ళీ ఎక్కించాలి.

ఏ డ్రైవర్ కావాలో తేలాలంటే చిప్ ఏదో తెలియాలి. డబ్బా మీది బ్రాండు పేరుతో వెతికితే పని జరగదు, ఎందుకంటే ఒకే మోడల్ పేరు కింద వేర్వేరు వెర్షన్లలో వేర్వేరు చిప్‌లు వస్తుంటాయి. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. అడాప్టర్ మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, ‘డీటెయిల్స్’ ట్యాబ్, కింది జాబితాలో ‘హార్డ్‌వేర్ ఐడీస్’. అక్కడ వీఐడీ (VID, తయారీదారు గుర్తు) పక్కన నాలుగు అక్షరాలు, పీఐడీ (PID, ఆ పరికరం గుర్తు) పక్కన నాలుగు అక్షరాలు ఉంటాయి. వీఐడీ 0బీడీఏ అయితే రియల్‌టెక్, 0ఈ8డీ అయితే మీడియాటెక్, 148ఎఫ్ అయితే పాత రాలింక్, 2357 అయితే టీపీ-లింక్. పీఐడీ దగ్గర 1ఏ2బీ ఉందంటే రియల్‌టెక్ అడాప్టర్ ఇంకా సీడీ వేషంలోనే ఉంది. మీ విషయంలో ఇదే కనిపిస్తుందని నా అంచనా. మారాక సీ811 అని వస్తే అది 8811సీయూ చిప్, 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టుకుంటుంది. బీ711 వస్తే అది 8188జీయూ, కేవలం 2.4 మాత్రమే. ఈ రెండింటి మధ్య తేడాయే మీ స్పీడు సమస్యను సగం తేల్చేస్తుంది.

ఆ వీఐడీ, పీఐడీ ముక్కను యథాతథంగా వెతుక్కుని, అడాప్టర్ కంపెనీ సైట్ నుంచో, విండోస్ అప్‌డేట్‌లోని ‘ఆప్షనల్ అప్‌డేట్స్’ నుంచో డ్రైవర్ తీసుకోండి. ‘డ్రైవర్ అప్‌డేటర్’ పేరుతో వచ్చే ఉచిత ప్రోగ్రాముల జోలికి వెళ్ళవద్దు. అవి చిప్ సరిగా గుర్తించక ఏదో ఒకటి ఎక్కిస్తాయి, వాటితో పాటు అక్కర్లేని చెత్త కూడా లోపలికి వస్తుంది.

నెట్టే లేనప్పుడు డ్రైవర్ ఎలా దించాలంటారా? ఆండ్రాయిడ్ ఫోన్‌ని డేటా కేబుల్‌తో సిస్టమ్‌కి కలిపి ఫోన్ సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. విండోస్ 10, 11లో దానికి విడిగా డ్రైవర్ అక్కర్లేదు. ఫోన్ మీ రూటర్ వైఫైకి కలిసి ఉంటే చాలా ఫోన్లలో ఆ నెట్టే సిస్టమ్‌కి వెళ్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. విండోస్ 11 కొత్తగా ఎక్కించేటప్పుడు ‘నెట్‌వర్క్‌కి కనెక్ట్ అవ్వండి’ అనే దగ్గర ఆగిపోయిన వాళ్ళకీ ఇదే దారి. కేబుల్ మాత్రం డేటా వెళ్ళేదై ఉండాలి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే వైర్లు బజారులో బోలెడు.

డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉంటే దాని కోడ్ చూడండి. కోడ్ 28 అంటే డ్రైవరే లేదు. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉంది కానీ పరికరం మొదలవలేదు: తప్పు డ్రైవర్ అయినా కావచ్చు, పోర్టులో కరెంటు చాలకపోయినా కావచ్చు. క్యాబినెట్ ముందువైపు పోర్టులోంచి తీసి మదర్‌బోర్డుకి నేరుగా ఉన్న వెనక పోర్టులో పెట్టి చూడండి. కోడ్ 43 రెండు మూడు పోర్టుల్లోనూ, ఇంకో సిస్టమ్‌లోనూ వస్తే అప్పుడు అడాప్టర్ పోయినట్టే. డ్రైవర్ మార్చేటప్పుడు ‘అన్ఇన్‌స్టాల్ డివైస్’ నొక్కాక వచ్చే చిన్న పెట్టెలో డ్రైవర్‌ని కూడా తీసేయమనే గడికి టిక్ పెట్టండి. లేకపోతే విండోస్ తన దగ్గర దాచుకున్న పాతదాన్నే మళ్ళీ ఎక్కిస్తుంది, మీరు కొత్తది వేశాననుకుంటారు.

ఇక 20 ఎంబీపీఎస్ సంగతి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్’ (netsh wlan show interfaces) కొట్టండి. అందులో చానల్, రేడియో టైప్, రిసీవ్ రేట్, సిగ్నల్ అనే నాలుగు వరుసలు చూస్తే చాలు. చానల్ 1 నుంచి 13 మధ్య ఉంటే మీరు 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉన్నారు. అక్కడ ఒక్క యాంటెన్నా ఉన్న అడాప్టర్‌కి 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో వచ్చే లింకు రేటు 72 ఎంబీపీఎస్. అది కాగితం మీద లెక్క. చేతికి వచ్చేది అందులో సుమారు సగం, అదీ చుట్టుపక్కల ఎవరూ లేకపోతే. మారతహళ్ళి, బీటీఎం లాంటి చోట్ల ఒక్కో బిల్డింగులో ఫ్లాటుకో రూటర్, అన్నీ అవే 1, 6, 11 చానళ్ళ మీద. అక్కడ 20 రావడం అడాప్టర్ తప్పు కాదు. మీది 8811సీయూ అయితే, 5 గిగాహెర్ట్జ్‌కి మారగానే అదే చిప్ 80 మెగాహెర్ట్జ్ వెడల్పులో 433 లింకు పట్టుకుంటుంది, మీ 100 ప్లాన్ హాయిగా నిండుతుంది.

రూటర్‌లో రెండు బ్యాండ్లకీ ఒకే పేరుంటే విండోస్ తనకి నచ్చిన దాన్ని పట్టుకుంటుంది. పరీక్షించేంతసేపైనా 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టండి. రూటర్ ఓనర్ చేతిలో ఉండి మార్చడం కుదరకపోతే, డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్, ‘అడ్వాన్స్‌డ్’ ట్యాబ్‌లో ‘ప్రిఫర్డ్ బ్యాండ్’ అని ఉంటే దాన్ని 5కి మార్చండి. ఫోన్‌లో 5 గిగాహెర్ట్జ్ పేరు కనిపిస్తూ సిస్టమ్‌లో కనిపించకపోతే చానల్ చూడాలి. కొన్ని అడాప్టర్లు 149 పైన చానళ్ళని చూడవు, కొన్ని 52 నుంచి 144 మధ్య ఉన్నవాటిని సరిగా వెతకవు. ఆ మధ్య చానళ్ళలో రాడార్ తగిలితే రూటరే చానల్ వదిలి వెళ్ళిపోవాలన్న నియమం కూడా ఉంది. 36 నుంచి 48 మధ్య పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. 2.4లోనూ ఇలాంటిదే ఒకటుంది: మన దేశంలో 13 దాకా చానళ్ళు ఉన్నా, అమెరికా కోసం చేసిన అడాప్టర్లు 11 దాటి చూడవు.

సిగ్నల్ శాతం 50 కంటే తక్కువ ఉంటే ఏ సెట్టింగూ పనిచేయదు, చోటు మార్చాల్సిందే. డెస్క్‌టాప్‌కి అడాప్టర్ ఎక్కడ పెడతాం? క్యాబినెట్ వెనక. క్యాబినెట్ బల్ల కింద, వెనక భాగం గోడకి ఆనుకుని ఉంటుంది. ఒకవైపు ఇనుప పెట్టె, ఇంకోవైపు గోడ, చుట్టూ వైర్లు. గోరంత నానో అడాప్టర్‌లో యాంటెన్నా అంటే బోర్డు మీద అంగుళం కూడా లేని రాగి గీత, అది ఆ సందులోంచి హాల్లో రూటర్‌ని వినాలి. దీనికి తోడు యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి పెట్టిన హార్డ్‌డిస్కులు పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రొద పుట్టిస్తాయి. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం వేసింది. పక్క పోర్టులో డిస్కు కాపీ అవుతుంటే వైఫై పడిపోవడం, వైర్‌లెస్ మౌస్ తడబడటం అందుకే.

మందు చాలా చవక: మీటరు పొడవున్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్. అడాప్టర్‌ని బల్ల మీదికి తెచ్చి, మానిటర్ పైనో, గది తలుపు కనిపించే వైపో పెట్టండి. డబుల్ టేపుతో అతికిస్తే కదలదు. ఖరీదైన అడాప్టర్ కొనే ముందు ఈ పని చేసి చూడమని అందరికీ గట్టిగా చెప్తాను, ఎందుకంటే చాలామందికి అక్కడితోనే తీరిపోతుంది. కేబుల్ మరీ పొడుగు తీసుకోవద్దు. నాసిరకం యూఎస్‌బీ 3.0 ఎక్స్‌టెన్షన్ అయితే అడాప్టర్ ఊరికే తెగి మళ్ళీ కలుస్తుంటుంది, అలాంటప్పుడు దాన్ని 2.0 పోర్టులో పెట్టి వాడుకోవడమే మేలు. 100 ప్లాన్‌కి యూఎస్‌బీ 2.0 ఎక్కువే.

కాసేపు వదిలేసి వస్తే నెట్ పోతోందంటే అది కరెంటు పొదుపు. అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ‘పవర్ మేనేజ్‌మెంట్’ ట్యాబ్‌లో పరికరాన్ని ఆపేయనిచ్చే టిక్ తీసేయండి. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ కూడా డిజేబుల్ చేయండి.

వైఫై కలిసింది కానీ ‘నో ఇంటర్నెట్’ అంటుంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్’ (ipconfig) కొట్టి చూడండి. అడ్రస్ 169.254తో మొదలైతే రూటర్ మీకు ఐపీ (నెట్‌వర్క్‌లో మీ సిస్టమ్ అడ్రస్) ఇవ్వలేదు. ఎప్పుడో చేత్తో పెట్టిన స్టాటిక్ ఐపీ ఉంటే తీసి ‘ఆటోమేటిక్’ చేయండి, నెట్‌వర్క్‌ని ‘ఫర్‌గెట్’ చేసి మళ్ళీ కలపండి. పీజీల్లో, షేరింగ్ ఫ్లాట్లలో మ్యాక్ అడ్రస్ (అడాప్టర్ గుర్తింపు సంఖ్య) నమోదు చేసుకుని నెట్ ఇస్తారు, అక్కడ విండోస్‌లోని ‘రాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్’ ఆఫ్‌లో ఉండాలి. లేదంటే నమోదు చేసిన అడ్రస్ ఒకటి, సిస్టమ్ చూపేది మరొకటి అవుతుంది. ఏళ్ళ నాటి సిస్టమ్ అయితే కింది మూల గడియారం కూడా ఒకసారి చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, వైఫై బాగానే ఉన్నా సైట్లు సర్టిఫికెట్ తప్పు అంటాయి. పాత అడాప్టర్‌కి కొత్త రూటర్ పాస్‌వర్డ్ దగ్గరే తిరగబడుతుంటే రూటర్ డబ్ల్యూపీఏ3 (వైఫై పాస్‌వర్డ్ భద్రతలో కొత్త పద్ధతి) మీద మాత్రమే ఉందేమో చూసి, డబ్ల్యూపీఏ2, 3 కలిపి ఉన్న మోడ్‌కి మార్చండి.

మీది 8188జీయూ అని తేలితే మాత్రం వేరేది కొనక తప్పదు. ఈసారి దుకాణంలో చిప్ నంబరు అడగండి. ‘950 ఎంబీపీఎస్’ అని పెద్ద అక్షరాలు, పొడుగు యాంటెన్నా ఉన్నవి చూసి మోసపోవద్దు. 802.11ఎన్ (ఒక వైఫై తరం పేరు) అని ఉండాల్సిన చోట 11కి బదులు రెండు ‘ఐ’ అక్షరాలు ముద్రించిన డబ్బాలు ఇప్పటికీ దొరుకుతాయి, లోపల ఉండేది 150కి మించని 2.4 చిప్పే. యూఎస్‌బీలోనే కావాలంటే ‘డ్యూయల్ బ్యాండ్’ అని స్పష్టంగా ఉన్న ఏసీ 600 (రెండు బ్యాండ్ల స్పీడూ కలిపి చెప్పే అంకె) రకం మీ ప్లాన్‌కి సరిపోతుంది. 300 ప్లాన్‌కి వెళ్ళే ఆలోచన ఉంటే రెండు యాంటెన్నాల ఏసీ 1300, అది యూఎస్‌బీ 3.0 పోర్టులో.

సొంత డెస్క్‌టాప్, నాలుగేళ్ళు వాడేదైతే నా ఓటు లోపల మదర్‌బోర్డు స్లాటులో పెట్టే పీసీఐఈ కార్డుకి. ఇంటెల్ ఏఎక్స్ 200 గానీ ఏఎక్స్ 210 గానీ ఉన్న కార్డు తీసుకోండి. విడిగా ఎం.2 ముక్క (కార్డు మీద కూర్చునే చిన్న వైఫై బోర్డు) కొనేవాళ్ళు ఏఎక్స్ 201, ఏఎక్స్ 211 తీసుకోవద్దు. అంకె ఒక్కటే తేడా అనిపిస్తుంది కానీ అవి వాటికి సరిపడే ఇంటెల్ బోర్డుల్లోనే నడుస్తాయి. ఏఎండీ సిస్టమ్‌లోనూ, పీసీఐఈ అడాప్టర్ బోర్డులోనూ అస్సలు లేవవు.

బిగించడం కష్టమేమీ కాదు. సిస్టమ్ ఆపి, ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై పెట్టె) వెనక స్విచ్ ఆపి, వైరు తీసి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కిపట్టండి. పొట్టి ఎక్స్1 స్లాటు ఎదురుగా ఉన్న రేకు తీసి కార్డు నిటారుగా నొక్కండి, స్క్రూ వేయండి. ఎక్స్1 ఖాళీ లేకపోతే పొడుగు స్లాటులోనూ పనిచేస్తుంది. కార్డుతో వచ్చే సన్నటి వైరు బ్లూటూత్‌ది, దాన్ని మదర్‌బోర్డు మీద 9 పిన్నుల యూఎస్‌బీ హెడర్‌కి పెట్టాలి. ఇది మర్చిపోతే వైఫై వస్తుంది, బ్లూటూత్ రాదు. ఎం.2 ముక్క మీద యాంటెన్నా వైర్లు మీరే తగిలించాల్సి వస్తే, చిన్న గుండ్రటి బుడిపెను సరిగ్గా పైన పెట్టి గోటితో నిటారుగా నొక్కండి, ‘టిక్’ మంటుంది. వంకరగా నొక్కితే మధ్య పిన్ను వంగిపోతుంది, మళ్ళీ బాగుపడదు. బయటి యాంటెన్నాలు వైరుతో బల్ల మీదికి వచ్చే రకం తీసుకోండి, క్యాబినెట్‌కే నేరుగా తిప్పి బిగించే పుల్లలైతే మళ్ళీ పాత కథే: ఇనుము, గోడ, సందు.

విండోస్ బదులు ఉబుంటు (లినక్స్) వాడేవాళ్ళు ఇంటెల్ కార్డో, మీడియాటెక్ 7612యూ చిప్పో తీసుకుంటే డ్రైవర్ ఊసే ఉండదు, కెర్నల్‌లోనే (లినక్స్ మూల భాగంలోనే) ఉంది. 8811సీయూకి కెర్నల్ 6.2 నుంచి లోపలే వచ్చింది, అంటే ఉబుంటు 24.04లో డ్రైవర్ విడిగా ఎక్కించుకోనక్కర్లేదు. పాత కెర్నల్ మీద బయటి డ్రైవర్ ఎక్కించినప్పుడు, సెక్యూర్ బూట్ (నమోదు కాని డ్రైవర్లని అడ్డుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెర మీద కీ నమోదు చేయాలి. అది దాటేస్తే డ్రైవర్ ఎక్కినట్టే ఉంటుంది, వైఫై మాత్రం కనిపించదు.

హార్డ్‌వేర్ ఐడీ లైను, నెట్‌ష్ చూపిన ఆ నాలుగు వరుసలు కింద రాయండి. చిప్ ఏదో చూసి, ఉన్నదానితో సరిపెట్టుకోవచ్చా మార్చాలా అన్నది కచ్చితంగా చెప్తాను.