సిగ్నల్ ముచ్చట్లు: కంప్యూటర్ల పాసైన మోడల్ కాజీపేట డాబా మీద ఎందుకు ఫెయిలైంది?

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ ఫైనలియర్. ప్రాజెక్టు కింద రేడియో సిగ్నల్ ఇస్తే అది ఏ మాడ్యులేషనో (మాటను రేడియో అల మీద ఏ తీరుగ ఎక్కించిన్రో) చెప్పే న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాం) చేసిన. 2016 నాటి రేడియోఎంఎల్ అనే రేడియో సిగ్నళ్ల డేటాసెట్‌తోని ట్రైనింగ్ ఇస్తే, సిగ్నల్ గట్టిగున్న చోట 80 శాతం పైననే కరెక్టు చెప్తున్నది. కానీ ఆర్టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్) కొనుక్కొచ్చి డాబా మీద పెట్టి ఎఫ్ఎం స్టేషన్ పడితే దాన్ని ఏఎం (ఇంకో రకం మాడ్యులేషన్) అంటున్నది. ఇంకా పెద్ద మోడల్ పెట్టమని సలహా ఇస్తున్నరు. పెట్టాల్నా? (ఓ విద్యార్థిని, కాజీపేట)

జవాబు: వద్దు బిడ్డా, ఇప్పుడే మోడల్‌ను ముట్టుకోకు. అది ఎసొంటి చప్పుడు మధ్యల చదువుకున్నదో ముందు చూడు. ఆ డేటాసెట్‌ల 2 లక్షల 20 వేల ముక్కలున్నయి, 11 రకాల మాడ్యులేషన్లు, ఒక్కో ముక్కకు 128 శాంపిళ్లు (సిగ్నల్‌ను వెంటవెంట కొలిచిన కొలతలు). సిగ్నల్ బలం నాయిస్ (సిగ్నల్‌కు అడ్డమొచ్చే గోల) కంటే 20 డీబీ (బలం తేడా చెప్పే లెక్క) కిందికెల్లి 18 డీబీ పైదాంక 2 డీబీ చొప్పున మెట్లు. అన్నీ గ్నూ రేడియో అనే సాఫ్ట్‌వేర్‌ల సిమ్యులేషన్ చేసి పుట్టించినవే, యాంటెన్నా మీద పట్టినవి కావు. నేను దాన్ని తక్కువ చేస్తలేను, దాని వల్లనే అందరు ఒకే కొలతతోని పోల్చుకునే వీలైంది, కానీ కాజీపేట జంక్షన్ దాంట్ల లేదు కదా.

నీ ఎఫ్ఎం ఏఎం అయ్యిందెందుకో చెప్త. రేడియోల అనౌన్సర్ మాటకు మాటకు నడుమ ఊపిరి తీసుకుంటరు, ఆ సందుల ఎఫ్ఎంల మిగిలేది దాదాపు ఉత్త క్యారియరే (మాట ఎక్కని ఖాళీ అల), ఏఎంల మిగిలేది కూడ ఉత్త క్యారియరే. నువ్వు సెకండ్‌కు 10 లక్షల శాంపిళ్లు తీస్తున్నవనుకో, 128 శాంపిళ్లంటే సెకండ్‌ల దాదాపు 8 వేలో వంతు, అంత చిన్న ముక్కల మనిషి గొంతు కదలనే కదలదు. ఆ ముక్క నాకిచ్చినా నేను చెప్పలేను. ఆ డేటాసెట్ మీద పని చేసినోళ్లల్ల చానామందికి ఈ రెండిటి దగ్గర తకరారు వచ్చింది. అందుకని ముందుగాల ఒక్కో ముక్క పొడుగు పెంచు, 1024 శాంపిళ్లు చెయ్యి, 2048 చెయ్యి, ఎఫ్ఎం ఏఎం కోసమైతే ఇంకా పెంచినా తప్పులేదు, శాంపిల్ రేటు కూడ తగ్గించు.

ఇంగ రెండోది. ఒకరోజు సాయంత్రం వాటర్‌ఫాల్ స్క్రీన్ (ఏ ఫ్రీక్వెన్సీల ఎంత సిగ్నల్ ఉన్నదో క్షణక్షణం గీసి చూపే బొమ్మ) ఆన్ చేసి డాబా మీద కూసో. కరెంటు ఇంజన్ పోతుంటే పాంటోగ్రాఫ్‌కు పైతీగకు నడుమ నిప్పు రవ్వ లేస్తది చూడు, అట్ల లేసినప్పుడు స్క్రీన్ మీద ఈ అంచుకెల్లి ఆ అంచుదాంక అడ్డంగ తెల్లటి గీత పడుతది, సెకండ్‌ల వచ్చి పోతది. పక్కింట్ల మిక్సీ తిరిగినా, చౌక ఎల్ఈడీ బల్బు వెలిగినా దానిది దానికి ఒక గుర్తు ఉంటది. నీ మోడల్ చదువుకున్నది వాన కురిసినట్లు సమంగ పడే నాయిస్‌ల, ఇట్ల దెబ్బ కొట్టినట్లు వచ్చే నాయిస్ దానికి కొత్త. దానికి తోడు డాంగిల్ కూడ తన తేడా కలుపుతది, దాంట్ల క్రిస్టల్ 10 లక్షలకు 50 వంతులు అటుఇటు ఉంటే 100 మెగాహెర్ట్జ్ దగ్గర 5 కిలోహెర్ట్జ్ పక్కకు జరిగినట్లే. గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) ఎక్కువ పెట్టినవంటే, డాంగిల్ 8 బిట్లదే, అంటే 256 మెట్లే కొలవగలది కాబట్టి అలల నెత్తులు కోసేసినట్లయితయి. గెయిన్ తగ్గించి ఒకసారి చూడు, సగం తప్పులు అక్కడనే పోవచ్చు.

తర్వాత నీ డాబా మీదనే రికార్డు చెయ్యి, పొద్దున, రాత్రి, వాన పడేటప్పుడు, రైలు పోయేటప్పుడు. ఇక్కడ ఒక్క మాట గట్టిగ చెప్తున్న, ఆ రికార్డింగులన్నీ కలిపి షఫుల్ చేసి ట్రైనింగుకు కొన్ని టెస్టుకు కొన్ని పంచకు, ఒకే రోజు ముక్కలు రెండు దిక్కుల పడితే మోడల్ సిగ్నల్‌ను కాదు ఆ రోజును గుర్తుపెట్టుకుంటది, మార్కులు మస్తు వస్తయి గని అవి నిజం కావు. సోమవారంవి ట్రైనింగుకు పెడితే గురువారంవి టెస్టుకు పెట్టు. రిపోర్టుల ఒక్క శాతం రాసి ఊకోకు, ఏ డీబీ దగ్గర ఎంతనో గ్రాఫ్ పెట్టు. మైనస్ 20 డీబీ దగ్గర నాయిస్ సిగ్నల్ కంటే 100 రెట్లు ఎక్కువ, అక్కడ 11 రకాలల్ల గుడ్డిగ ఒకటి చెప్పినా 9 శాతం వస్తది, నీ మోడల్‌కు కూడ అంతే వస్తే అట్లనే రాయి, అది దాచిపెట్టే విషయం కాదు.

ప్రశ్న: బాయికాడ మోటర్‌కు సిమ్ స్టార్టర్ పెట్టిన. ఇంటికాన్నుంచి ఫోన్ కొడితే నాలుగుసార్లల్ల ఒకసారి ఆన్ అయితది. షాపాయన ఏఐ బూస్టర్ పెట్టుకో అంటున్నడు. పెట్టుకోవాల్నా? (ఓ రైతు, పరకాల దిక్కు)

జవాబు: అన్నా, పైసలు పెట్టకు. ముందుగాల స్టార్టర్ డబ్బా తెరిచి చూడు, యాంటెన్నా లోపలనే ఉన్నదా? ఇనుప డబ్బాల పెట్టి మూత వేస్తే సిగ్నల్ లోపలికి ఎట్లొస్తది. దానికి వైరున్న యాంటెన్నా దొరుకుతది, కట్టెకు కట్టి డబ్బా బయట ఎత్తుమీద పెట్టు, మక్కచేను ఎదిగినా దాని కంటే పైకి ఉండాలె. పర్మిషన్ లేని మొబైల్ బూస్టర్ మన దేశంల పెట్టుకునుడు చట్టం ఒప్పదు, పక్క పొలాలోళ్ల ఫోన్లకు గుడ అడ్డం పడుతది.

అయినా పని కాకపోతే లోరా అనే రేడియో ఉన్నది, 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాంక తక్కువ పవర్ పరికరాలకు లైసెన్స్ అక్కర్లేదు. పైన ఆ అమ్మాయికి మైనస్ 20 డీబీ అని చెప్పిన కదా, మోడల్ చేతులెత్తేసే ఆ లోతుల లోరా మాట అందుకుంటది. దాంట్ల నేర్చుకునుడు ఏంలేదు, ఉత్త లెక్కనే. ఒక్క చిన్న మాటను కింది స్వరంకెల్లి పై స్వరందాంక ఈల సాగదీసినట్లు 4096 ముక్కల మీద పరుస్తది, అవతల అన్నీ కూడుకుంటే మాట తేలుతది. అట్ల చేస్తే సెకండ్‌కు 300 బిట్లు కూడ పోవు, కానీ మోటర్ ఆన్, మోటర్ ఆఫ్ అనెటందుకు అది చాలు. ఏం పంపుతున్నమో రెండు దిక్కుల ముందే తెలిసిన కాడ లెక్క చేసే పనికి ఏఐ పేరు పెట్టి అమ్ముతుంటే నాకు మస్తు బాధైతది.

ప్రశ్న: మరి మనిషి పట్టలేనిది ఈ మెషిన్ లెర్నింగ్ నిజంగ పట్టిన సందర్భం ఉన్నదా? (రిటైర్డ్ టీచర్, ములుగు)

జవాబు: ఉన్నది సార్. అమెరికాల గ్రీన్ బ్యాంక్ అని పెద్ద రేడియో టెలిస్కోపు ఉన్నది. 2017 ఆగస్టు 26న దాన్ని దాదాపు 300 కోట్ల కాంతి సంవత్సరాల దూరంల ఉన్న ఎఫ్ఆర్‌బీ 121102 అనే రేడియో మెరుపుల మూలం దిక్కు తిప్పి 5 గంటలు విన్నరు. సెకండ్‌ల వెయ్యో వంతుల లెక్కన వచ్చిపోయే రేడియో మెరుపులవి. 400 టెరాబైట్ల డేటా, పాత పద్ధతిల వెతికితే 21 మెరుపులు దొరికినయి. 2018ల అదే డేటాను న్యూరల్ నెట్‌వర్క్‌తోని మళ్ల వెతికితే ఇంకో 72 దొరికినయి. ఆ నెట్‌వర్క్‌కు నేర్పిన తీరే నాకు మస్తు నచ్చింది సార్, మెరుపులను సిమ్యులేషన్‌ల తయారు చేసిన్రు గని నాయిస్ మాత్రం టెలిస్కోపు రికార్డు చేసిందే తీసుకొని దాని మీద ఈ మెరుపులను కలిపిన్రు. కాజీపేట బిడ్డా, ఇది నువ్వు గూడ చదువు, ఇయాళ రాత్రి ఖాళీగున్న ఛానల్‌ల ఒక గంట రికార్డు చేసి పెట్టుకో, ఆ డేటాసెట్ సిగ్నళ్లను నీ డాబా నాయిస్ మీద కలిపి మళ్ల ట్రైనింగ్ ఇయ్యి, ఏమొచ్చిందో మాకు రాయి.