క్లైమాక్స్ మార్చమంటున్న నిర్మాత దగ్గరికి వెళ్లే ముందు

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. నిర్మాతకి కథ నచ్చింది, అడ్వాన్స్ కూడా ఇస్తానన్నాడు, కానీ చివర్లో తండ్రీ కొడుకుల్ని కలపమంటున్నాడు. ఆ టెన్షన్‌తో నీకు నిద్ర పట్టడం లేదు. కృష్ణానగర్ రూమ్‌లో ఉన్న మీ ఫ్రెండ్సేమో అమెరికన్ డైరెక్టర్ డేవిడ్ లించ్ పేరు చెప్పి, ధ్యానం చేస్తే దారి దానంతటదే కనిపిస్తుందంటున్నారు. ఇన్నాళ్లు ఎడిటింగ్ రూముల్లో కూర్చున్నవాడిగా నాకు తోచింది చెప్తాను, ఓపిగ్గా చదువు.

లించ్ గురించి వాళ్లు చెప్పింది సగమే. ఆయన భావాతీత ధ్యానం, అంటే మనసులో ఒక మంత్రం అనుకుంటూ చేసే ట్రాన్సెండెంటల్ మెడిటేషన్, మొదలుపెట్టింది 1973లో. రోజుకి రెండు పూటలా 20 నిమిషాల చొప్పున, 2025 జనవరిలో చనిపోయేదాకా దాన్నే నమ్ముకున్నాడు. మొదలుపెట్టేనాటికి ఆయన మొదటి సినిమా 'ఇరేజర్‌హెడ్' మధ్యలో ఉంది. 1972లో పని మొదలైన ఆ సినిమా 1977లో గానీ బయటికి రాలేదు. డబ్బులైపోతే షూటింగ్ ఆగిపోయేది, ఆయన ఇంటింటికీ పేపర్ వేసి బతికాడు. ధ్యానం వల్ల ఆ కష్టం ఒక్క రోజు కూడా తగ్గలేదు. తగ్గింది కోపం. మొదలుపెట్టిన రెండు వారాలకే భార్య 'నీ కోపం ఎటు పోయింది?' అని అడిగిందని ఆయనే చెప్పేవాడు.

నేను కళ్లారా చూసింది కూడా అదే. కోపంతో వచ్చి కూర్చున్న డైరెక్టరుకి మానిటర్ మీద సీను కనపడదు, సెట్లో తనని ఇబ్బంది పెట్టిన నటుడే కనపడతాడు. మంచి షాట్‌ని కూడా తీసేయమంటాడు. అవే రషెస్‌లో, అంటే ఎడిట్ చేయని ఫుటేజ్‌లో, ఎవరూ గమనించని ఒక చూపుని పట్టుకుని సీనంతా నిలబెట్టినవాళ్లు ఉన్నారు. వాళ్లంతా నెమ్మదిగా చూడగలిగినవాళ్లే. బాధపడితేనే కళ వస్తుందని, తాగితేనే డైలాగ్ పడుతుందని ఫిల్మ్‌నగర్లో నీకు చెప్పేవాళ్లు దొరుకుతారు. దయచేసి నమ్మకురా. అంత చీకటి, అంత భయం తెర మీద చూపించిన లించ్ కూడా, బాధని చూపించడానికి తీసేవాడు బాధలో ఉండక్కర్లేదని జీవితమంతా వాదించాడు.

భావాతీత ధ్యానం ఫీజు కట్టి నేర్చుకోవాలి, నీ పరిస్థితిలో ఆ ఖర్చు వద్దు. నాగార్జునసాగర్ రోడ్డులో, వనస్థలిపురం వైపు, ధమ్మఖేత్త అనే విపశ్యన కేంద్రం ఉంది. శ్వాసని, ఒంట్లో తెలిసే స్పర్శల్ని గమనిస్తూ కూర్చునే ధ్యానం అది. 10 రోజుల కోర్సు, ఫీజు లేదు. మాట్లాడకూడదు, ఫోన్ ఇచ్చేయాలి, చదవడం రాయడం కూడా ఉండదు. రాసేవాళ్లకి ఇదే గండం. అద్భుతమైన సీను తడుతుంది, కాగితం ఉండదు. పోతే పోనీ అని కూర్చోవడం అలవాటైతే, రేపు కథ గురించి మాట్లాడుకునే సిట్టింగ్‌లో ఎవరో నీ సీను తీసేయమన్నప్పుడు గొంతు పెగులుతుంది. కానీ ఈ కథ తేలాకే వెళ్లు.

ఇప్పుడు మీ వాళ్లు చెప్పని సగం. 1984లో లించ్ 'డ్యూన్' తీశాడు, ఫైనల్ కట్ హక్కు, అంటే సినిమా చివరికి ఎలా ఉండాలో తేల్చే ఆఖరి మాట, తన చేతిలో లేకుండా. సినిమాని కుదించేశారు. తర్వాత టీవీ కోసం ఆయన ప్రమేయం లేకుండా పొడిగించిన వెర్షన్ నుంచి తన పేరే తీయించుకున్నాడు. అప్పటికి పదేళ్లుగా ధ్యానం చేస్తున్న మనిషి! కాగితం మీద లేని హక్కుని ఏ ధ్యానమూ తెచ్చివ్వదు. ఆ తర్వాత అదే నిర్మాత దగ్గర 'బ్లూ వెల్వెట్' చేసినప్పుడు తన పారితోషికం, బడ్జెట్ తగ్గించుకుని ఫైనల్ కట్ తీసుకున్నాడు. 1986లో వచ్చిన ఆ సినిమాతోనే మళ్లీ నిలబడ్డాడు.

మొదటి సినిమాకి ఇక్కడ నీకు ఎవరూ ఫైనల్ కట్ ఇవ్వరు. అందుకే వెళ్లేముందే ఒక్కటి తేల్చుకో: ఈ కథలో ఏది పోతే ఇది నీ కథ కాదు? నేను చదివినంతలో ఆ తండ్రీ కొడుకులు విడిపోవడమే. పాట పెట్టమన్నా, టైటిల్ మార్చమన్నా, కమెడియన్‌ని పెంచమన్నా ఒప్పుకో. నీ రెమ్యునరేషన్ తగ్గించుకోవాల్సి వస్తే అదీ ఒప్పుకో. విడిపోవడం మాత్రం వదలకు.

అయితే నిర్మాతని శత్రువులా చూడకు. జనం డల్‌గా బయటికొస్తారని ఆయన భయం, అందులో నిజముంది. ఇంటర్వెల్ తర్వాత ఆ తండ్రి మీద మనకి ప్రేమ పుట్టే సీను ఒక్కటీ లేదు. అది లేకుండా విడదీస్తే ఎవరికీ నొప్పి తెలియదు. ఆయన చెప్పిన మందు తప్పు కావచ్చు, పట్టుకున్న రోగం నిజమే.

అడ్వాన్స్ తీసుకుంటే ఒప్పందం తేలేదాకా ముట్టుకోకు. బైక్ ఈఎంఐ కట్టేశాక నీ నోటి నుంచి 'కుదరదు సార్' అనే మాట రాదు. నేరేషన్‌కి ముందే స్క్రిప్టుని రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించు. సిట్టింగ్ రోజు బయల్దేరే ముందు ఫోన్ పక్కన పడేసి 20 నిమిషాలు ఊరికే కూర్చో. అక్కడ ఏమడిగినా అప్పటికప్పుడు జవాబివ్వకు, రెండు రోజులు టైమ్ అడుగు.

సెకండాఫ్ తిరగరాసి నాకు పంపు. ఇంటర్వెల్ తర్వాత సీన్లు ముందు చూస్తాను, క్లైమాక్స్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం. అత్తయ్య నువ్వు వేళకి తింటున్నావా లేదా అని అడుగుతోంది.

మీ మామయ్య