మైకు ముందు కూర్చున్నాక

ప్రశ్న: డిగ్రీ అయింది. నా గొంతు బాగుంటుందని అందరూ అంటారు. యాంకర్ కావాలని కోరిక. నాన్నేమో బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నారు. గొంతు ఒక్కటీ చాలదా మేడమ్?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చాలదమ్మా. ఫోన్‌లో రికార్డు పెట్టుకుని ఇవాళ్టి పేపరు పది నిమిషాలు పైకి చదువు. ‘శాసనసభ’ అన్నప్పుడు మొదటి శ, తర్వాతి స వేరుగా వినపడ్డాయా? ‘కళ’, ‘కల’ ఒకటైపోయాయా? వాక్యం సగంలో ఊపిరి అందక గుటక వేశావా? ఆడిషన్‌లో వినేది ఇవే. తియ్యటి గొంతులు వెనక్కి వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను.

నా సంగతే చెప్తాను. రేడియోలో చేరిన మొదటి వారం, ధరవరలు చదువుతున్నాను. కాగితాలకున్న పిన్ను తీసి, విడివిడిగా పెట్టుకుని, ఒక్కొక్కటీ చప్పుడు కాకుండా పక్కకి జరపాలి. ఎర్ర లైటు వెలగ్గానే టెన్షన్‌లో ఆ పిన్ను సంగతే మర్చిపోయాను. నాలుగు రోజులకి ఒక శ్రోత కార్డు రాశారు: ‘అమ్మాయీ, నువ్వు మిర్చి ధర చెబుతుంటే వెనకాల ఎవరో గంజిపెట్టిన చీర మడతపెడుతున్నారు.’ ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. తర్వాత ఎప్పుడూ పిన్ను తియ్యకుండా స్టూడియోలోకి వెళ్లలేదు.

ఇక నాన్నగారి మాట. ఆయన్ని తప్పుపట్టలేను. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా నాకు నెలకు ఆరేసి డ్యూటీలు వచ్చేవి. వాటితో ఇల్లు గడవదు. పొద్దున ట్యూషన్లు చెప్పి సాయంత్రం మైకు దగ్గరికి పరుగెత్తేదాన్ని. నువ్వూ బ్యాంకు కోచింగ్‌లో చేరు, ఆడిషన్ ప్రకటన పడితే అప్లై చెయ్యి. రెండూ కుదురుతాయి, నిద్రే తగ్గుతుంది.

ప్రశ్న: టెలిప్రాంప్టర్ చూసి చదవడమేగా, న్యూస్ రీడర్ గొప్పేముంది?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారి ముందు ఆ తెర లేదండీ. వార్తలు బట్టీపట్టి, మనల్ని చూస్తూ చెప్పేవారు. అలాగని ఇప్పటివాళ్లది తేలిక అనను. ప్రాంప్టర్ మీద అక్షరాలు కదులుతుంటే కళ్లు ఎడమ నుంచి కుడికి పరుగెత్తడం చూసేవాళ్లకి తెలిసిపోతుంది. అది తెలియకుండా చదవాలి. పైగా చెవిలో ఇయర్‌పీస్. మీరు వార్త చదువుతుండగానే ‘తర్వాతది ఆపండి, బ్రేకింగ్ ఉంది’ అంటూ ఒకరు మాట్లాడుతుంటారు. మీ ఇంట్లో ఎవరినైనా చెవిలో గుసగుసలాడమని, ఎదురుగా ఉన్న పేరా తప్పులేకుండా చదివి చూడండి.

ప్రశ్న: రేడియో, టీవీ రెంటిలో మీకేది ఇష్టం?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: రేడియో. టీవీలో రెండేళ్లు చేశాను, మేకప్ దగ్గరే గంట పోయేది. రేడియోకి పాత నేత చీరలో, తలకి నూనె పెట్టుకుని వెళ్లినా అడిగేవాళ్లు లేరు. గాజులు మాత్రం తీసి బ్యాగులో వేసుకోవాలి, మైకు వాటిని వదలదు.