షెల్టర్‌లో భయపడుతున్న పిల్లికూనను తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. మా అమ్మాయి ఆరో తరగతి, పిల్లి కావాలని ఒకటే గొడవ. మొన్న ఒక షెల్టర్‌కి వెళ్తే నాలుగు నెలల ఆడ పిల్లికూన, బూడిద రంగు చారలది, మా అమ్మాయికి తెగ నచ్చేసింది. కానీ అది బోను మూలన నక్కి కూర్చుంది, చెయ్యి పెడితే బుస్సుమంది. మావారు అది మచ్చిక కాదు, పక్క బోనులో ఆడుకుంటున్నదాన్ని తెద్దాం అంటున్నారు. మా ఇంట్లో మాంసం వండం, పెరుగన్నంతో పెంచొచ్చా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: బుస్సుమనడం కోపం కాదమ్మా, భయం. చుట్టూ కుక్కల అరుపులు, ఫినాయిల్ వాసన, రోజుకో కొత్త మొహం, అలాంటి చోట ఒక్కసారి చూసి దాని స్వభావం తేల్చేయకండి. మీవారి మాటలోనూ కొంత నిజం ఉంది. పుట్టిన రెండో వారం నుంచి ఏడెనిమిది వారాల లోపు మనుషుల చేతుల్లో మెలిగిన కూన త్వరగా దగ్గరవుతుంది, ఆ వయసులో మనిషి స్పర్శ తెలియనిదానికి ఎక్కువ కాలం పడుతుంది. అందుకే దాన్ని ఏ వయసులో తెచ్చారో, అన్నం పెట్టే మనిషి దగ్గరికైనా వస్తుందో లేదో అక్కడ అడగండి. ఇంకోసారి వెళ్లి బోను పక్కన ఊరికే కూర్చోండి, కళ్లలోకి గుచ్చి చూడకుండా, వేలికి కాస్త తడి ఆహారం రాసి ముందు పెట్టండి. మెడ సాచి వాసన చూసిందంటే నేనైతే ఆ చారలదాన్నే తెచ్చుకుంటాను.

ఇంటికి తెచ్చాక హాల్లో వదలొద్దు. ఒక్క గది చాలు. అట్టపెట్టెకు పక్కన కన్నం కోసి, లోపల పాత చీర పరిచి ఒక మూల పెట్టండి, తిండి ఒక వైపు, లిట్టర్ ట్రే (మలమూత్రాలకు ఇసుకలాంటి లిట్టర్ పోసి పెట్టే తొట్టి) దానికి దూరంగా ఇంకో వైపు. అది మంచం కిందికి దూరుతుంది, దూరనివ్వండి, బయటికి లాగొద్దు. మీ అమ్మాయిని ఆ గదిలో నేల మీద కూర్చుని పాఠాలు పైకి చదువుకోమనండి. ముందు ఆ గొంతు అలవాటవుతుంది, తర్వాత మనిషి. మొదట్లో రాత్రిళ్లు మాత్రమే వచ్చి తిన్నా కంగారు పడక్కర్లేదు, కానీ ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించండి.

పెరుగన్నంతో మాత్రం కుదరదు. ఊళ్లో పెరుగన్నం తిని పెరిగిన పిల్లులు బయట ఎలుకల్నీ బల్లుల్నీ పట్టుకుని లోటు తీర్చుకునేవి, ఫ్లాట్‌లో పిల్లికి ఆ దారి లేదు. మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం అందకపోతే పిల్లికి గుండె, చూపు దెబ్బతింటాయి. మీరు వండక్కర్లేదు, కూనల కోసం అమ్మే పొడి ఆహారం, పౌచ్‌లు చాలు. పాలు వద్దు, చాలా పిల్లులకు విరేచనాలవుతాయి. మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి.

అది రాకముందే బాల్కనీకీ కిటికీలకీ గట్టి జాలీ వేయించండి, వదులుగా కట్టిన పావురాల వలను నమ్మొద్దు. జ్వరంగా ఉందని పారాసెటమాల్ వేయొద్దు, ఒక్క మాత్రకే ప్రాణం పోవచ్చు. కుక్కల పిడుదుల మందు కూడా పిల్లికి రాయకండి.

ప్రశ్న: షెల్టర్ వాళ్లు ఇల్లు చూస్తామంటున్నారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తామని సంతకం కూడా పెట్టాలట. వీధి పిల్లికి ఇంత హడావుడి అవసరమా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చాలా అవసరమండీ. ముచ్చటపడి తీసుకెళ్లి తర్వాత రోడ్డు మీద వదిలేసేవాళ్లను వాళ్లు రోజూ చూస్తుంటారు. ఆడపిల్లి నాలుగో నెలకే ఎదకు రావచ్చు, తొమ్మిది వారాల్లో ఈనుతుంది, ఆ పిల్లలన్నీ మళ్లీ వీధిలోకే. అయిదారు నెలలకల్లా ఆపరేషన్ చేయించేయండి. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లను జాలీ ఎక్కడ వేయాలో అడిగి తెలుసుకోండి. మీరు కూడా వాళ్లను టీకాల పుస్తకం అడగాలి. పిల్లులకిచ్చే మూడు వ్యాధుల టీకా ఎన్ని డోసులైంది, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేశారా, నులిపురుగుల మందు ఆఖరిసారి ఎప్పుడు పట్టారు, ఇవన్నీ తేదీలతో రాయించుకోండి. అది గీరినా కరిచినా వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఇంట్లో పిల్లే కదా అని ఊరుకోవద్దు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పిల్లిని పెంచకూడదని తీర్మానం చేస్తుందట. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: టెన్షన్ పడకండి. మెజారిటీ కోరినా పెంపుడు కుక్కల్ని అసోసియేషన్లు నిషేధించలేవని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. గడప దాటని పిల్లి మీద ఇక వాళ్లు చెప్పగలిగేది ఏముంటుంది? ఆ మార్గదర్శకాల కాపీ, టీకాల పుస్తకం జిరాక్స్ జతచేసి కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి. వాడిన లిట్టర్ మాత్రం కవర్లో కట్టే పారేయండి, ఆ వాసన విషయంలో పక్కింటివాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే.